ఒంటి టిక్కు

ముందుగా వినిపించింది మెట్ల మీద ఇనుము ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఒక మెట్టు, ఒక మోత. మళ్ళీ మెట్టు, మళ్ళీ మోత. కింది అంతస్తులో మరమగ్గాలు ఎడతెగక దడదడలాడుతున్నా ఆ మోత వాటిలో కలవలేదు. వాటిని తోసుకుంటూ, వాటి మీదుగా పైకి వచ్చింది. అసిస్టెంటు బాలు టైపు చేస్తున్న చేతులు ఆపాడు.

కాత్యాయని వేరుశెనక్కాయ ఒలవడం ఆపలేదు.

"పానా," అంది. "పెద్దది. మోసే మనిషికి మోయడం అలవాటు లేదు. వదిలిపెట్టే ఉద్దేశమూ లేదు."

బ్యాంకు విజిలెన్సులో ఉద్యోగం విడిచి, సూరత్‌లోని ఉధ్నాలో ఈ చిన్న గది అద్దెకు తీసుకుని, సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టిన మనిషి ఆవిడ. ఆవిడ మాట ముందు, నిజం తరువాత రావడం బాలు చాలాసార్లు చూశాడు.

తలుపు తెరుచుకుంది. వచ్చిన స్త్రీ చీర కొంగు వానకు తడిసి భుజానికి అంటుకుపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన కళ్ళు. చేతిలో మూరెడు పొడవు పానా.

"జాసూసీ చేసే అమ్మవు నువ్వేనా?"

"నేనే. కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. పానాను బల్ల మీద పడేసింది. వేరుశెనగ తొక్కలు ఎగిరిపడ్డాయి.

"నా పేరు కొమురవ్వ. దీంతోనే మా ఆయన ఇన్నేండ్లు మిషన్లు బాగుచేసిండు. ఇప్పుడు దీంతోని నేనొక పని చెయ్యాలె. చేసే ముందు ఒక్కటి తెల్సుకోవాలె. ఆ పోరి పొరపాటున చేసిందా, కావాలని చేసిందా? పొరపాటైతే చెయ్యి ఇరగ్గొడత. కావాలని చేస్తే తల."

బాలు కాత్యాయని ముఖంలోకి చూశాడు. ఆవిడ తొక్కలన్నీ ఒక పక్కకు ఊడ్చి, ఒలిచిన గింజలను కొమురవ్వ వైపు జరిపింది.

"మీ ఆయన పేరేమిటమ్మా?"

"సుమన్ వాళ్ళ నాయిన."

"సుమన్ మీ అబ్బాయి. ఆయన పేరు?"

"మా దాంట్ల ఆడోళ్ళు పెనిమిటి పేరు పలుకరమ్మా. పలికితే ఆయిష్షు తగ్గుతదంటరు." ఆమె తడి కొంగు ముందుకు లాక్కుంది. "ఇంక తగ్గేదేమున్నది గానీ, నాలుక తిరగది." కొంగు ముడి విప్పి ఒక గుర్తింపు కార్డు తీసి ఇచ్చింది. దాని మీద అక్షరాలు: రాజనర్సు, ఫిట్టర్.

ఆ పైన ఆమె నిలబడే చెప్పింది. రాజనర్సు ఉధ్నాలోని కనుభాయ్ శేఠ్ మిల్లులో ఫిట్టర్. పడుగు నూలును మనిషెత్తు డ్రమ్ము మీద చుట్టే వార్పింగ్ మిషన్ ఒకటి మొరాయిస్తే, బాగుచేయడానికి డ్రమ్ము వెనక్కి దూరాడు. అతను లోపల ఉండగానే దాన్ని నడిపే అమ్మాయి నీరజ హ్యాండిల్ వేసింది. డ్రమ్ము తిరిగింది. రాజనర్సు తిరిగి రాలేదు.

"మగ్గాల మోతల ఎవలి మాట ఎవలికీ ఇనబడదు. గందుకే అందరికీ ఫోన్ల ఒక యాప్ పెట్టిండ్రు. సూపర్‌వైజర్ హుకుం ఫోనుకొస్తది, జేబుల గుర్రుమంటది. ఫిట్టర్ లోపలున్నడు, మిషన్ నడపకు అని సూపర్‌వైజర్ రాసిండట. ఆ పోరి ఆయననే బ్లాక్ చేసి పెట్టుకున్నదట! సావును ఆపే కబురు పోనేలేదు."

"ఈ మాట మీకెవరు చెప్పారు?"

"మా తెలుగోళ్ళ సంఘం పెద్దన్న, పరుశురాం సాబ్. మిల్లుల హాజర్లు, పనులు ఏసే టైమాఫీసు ఆయనదే. సావుకు ముందుండి ఖర్సంత ఆయనే పెట్టుకున్నడు. 'పెద్దకర్మ దాక ఆగురా సుమన్, ఆ తర్వాత నెత్తురుకు నెత్తురు' అన్నడు." కొమురవ్వ బల్ల మీదికి వంగింది. "నా కొడుకు అంగీ లోపట కత్తి పెట్టుకొని తిరుగుతున్నడమ్మా. వానికి ఇంకా మీసం సరిగ రాలే. వాడు జైలుకు పోవద్దు. కొట్టేదేదో నేనే కొడత."

ఇప్పుడు బాలుకు అర్థమైంది. ఆమె పగ కోసం రాలేదు. పగను కొడుకు చేతిలోంచి లాక్కోవడానికి వచ్చింది.

కాత్యాయని ఒక కాగితం ముందుకు లాక్కుంది. తరువాత మామూలు విషయంలా అడిగింది. "ఆయన వస్తువులు అన్నీ ఇంటికి చేరాయా?"

"పానా వచ్చింది, టిఫిన్ డబ్బా వచ్చింది, ఫోను గూడ వచ్చింది. తువ్వాల రాలే."

"తువ్వాలా?"

"మిషన్‌ల దూరేటప్పుడు హ్యాండిల్‌కు తన తువ్వాల కట్టి పోతడు. అది ఉన్నంతసేపు ఎవ్వడూ చెయ్యి పెట్టడు. మా మామ మగ్గాల కాడికెల్లి వస్తున్న రివాజు. ఆయన ఎర్ర తువ్వాల మిల్లుల అందరికీ ఎరుకే. గా దినం ముసురుకు ఎర్రది ఆరలే. డబ్బా సంచిల కొత్తది, పసుపుది, మడిచి పెట్టిన. నల్ల దారంతోని అంచు నేనే కుట్టిన."

"ఆయనకు ఎవరితోనైనా తగాదా ఉందా?"

"కొత్త సూపర్‌వైజర్‌తోని లొల్లి. ఫోను గీను నాకొద్దు అనెటోడు. ఇంకొకటి... ఆదివారం సంఘంల ఒక మాట చెప్పేదున్నది, చెప్తే మంట పుడతది అన్నడు. ఏందో నాకు చెప్పలే. ఆదివారం రానే లేదు."

కాత్యాయని లేచి పానాను రెండు చేతులా ఎత్తి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇది నాకు అడ్వాన్సు. కేసు తేలాక తిరిగి ఇస్తాను. ఎవరి మీద ఎత్తాలో అప్పుడు మీరే నిర్ణయించండి."

మిల్లు గేటు దగ్గర కావలివాడు వచ్చేవాళ్ళను వదిలేసి, పోయేవాళ్ళను తడిమి చూస్తున్నాడు. బట్ట ముక్క కూడా బయటికి పోకూడదని శేఠ్ ఆజ్ఞ. గోడ పక్కన చిందీ గోనెలు, అంటే కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపేలికల గోనెలు, వానలో నానుతున్నాయి. లారీ రాక అలాగే పడి ఉన్నాయట.

షెడ్డులో అడుగుపెట్టగానే మోత మనిషిని మింగేసింది. మగ్గాల మధ్య మనుషులు పెదవులతో, వేళ్ళతో మాట్లాడుకుంటున్నారు. వార్పింగ్ మిషన్ మాత్రం వేరే గదిలో ఉంది. తలుపు వేస్తే అక్కడ ఏం జరిగినా షెడ్డులోవాళ్ళకు కనబడదు.

సూపర్‌వైజర్ రవీంద్ర హజీరాలో ఒక పెద్ద కంపెనీ వదిలి వచ్చిన యువకుడు. ఇక్కడ చేరిన వారంలోపే ఈ ఘోరం. ఆ ముఖంలో నిద్ర లేదు. కాత్యాయని అడగకముందే ఫోను చాపాడు.

"చూడండి మేడమ్. 'ఫిట్టర్ లోపల ఉన్నాడు. మిషన్ స్టార్ట్ చేయవద్దు.' నేను పంపాను."

సందేశం పక్కన ఒకే ఒక్క టిక్కు ఉంది.

"చేరితే రెండు పడాలి కదా?" అన్నాడు బాలు.

"పడాలి. రేకుల షెడ్డు, సిగ్నల్ సరిగా రాదు. కాసేపట్లో చేరుతుందిలే అనుకున్నాను." అతను తల దించుకున్నాడు. "అనుకోకుండా ఉండాల్సింది. నడిచి వెళ్ళి చెప్పాల్సింది."

"ఇన్నాళ్ళూ ఆ అమ్మాయికి మీ ఆదేశాలు ఎలా చేరాయి?"

"గ్రూపులో పెట్టేవాణ్ణి. బ్లాక్ చేసినా గ్రూపులోవి కనిపిస్తాయి. ఆమెకు విడిగా పంపడం అదే మొదటిసారి."

"రాజనర్సు మీ మాట వినేవాడు కాదట."

"జవాబు వచ్చేదాకా ఆగమన్నాను. 'నా తువ్వాల ఉండంగ నీ ఫోనెందుకు సారూ' అని నవ్వి, చేతిసంచీ తట్టి వెళ్ళిపోయాడు. తీరా చూస్తే ఆ ఎర్ర తువ్వాలు ఎక్కడా లేదు. ఆ రోజు కట్టడం మరిచిపోయాడేమో."

"మిమ్మల్ని ఆ అమ్మాయి ఎందుకు బ్లాక్ చేసిందంటారు?"

"నాకూ అర్థం కావడం లేదు. ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు."

"ఈ ఫోను మీదేనా?"

"మిల్లుది. ఇక్కడ అకౌంట్లు మనుషులవి కావు మేడమ్, పోస్టులవి. కొత్తవాడు వస్తే పాత అకౌంట్‌కే పేరు మార్చి ఇస్తారు. టైమాఫీసువాళ్ళు అంతా తుడిచేసి ఇచ్చారు."

బయటికి రాగానే బాలు ఆమె చెవి దగ్గర గట్టిగా అన్నాడు. "పది మాటలు మాట్లాడనివాణ్ణి ఏ ఆడపిల్లా బ్లాక్ చేయదు మేడమ్. ఇతను ఏదో దాస్తున్నాడు."

"ఎవరో దాస్తున్నారు," అంది కాత్యాయని.

టైమాఫీసులో పరుశురాం లేచి నిలబడి చేతులు జోడించాడు. తెల్లని చొక్కా, వేలికి పచ్చరాయి ఉంగరం, నోట్లో తేనె.

"రా అక్కా, కూసో. మా కొమురవ్వ వదినె మీ దాక వచ్చిందా? పాపం, మతి స్తిమితంల లేదు. అరే, మేడమ్‌కు చాయ్ చెప్పు! తమ్మీ, నీకు చక్కెరెక్కువనా? పడుసోనివి, తాగు."

బాలు అనుమతి అడిగి, ఫోనులో రికార్డింగు మొదలుపెట్టాడు.

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"కతర్‌గామ్‌ల, శేఠ్ ఇంటికాడ. పొద్దంత ఆడనే. కబురు తెల్సి ఉరికొచ్చెటాల్లకు ఆంబులెన్సు పోనే పోయింది. ఆఖరి సూపు గూడ దక్కలే." కళ్ళు తుడుచుకున్నాడు. "నర్సు నాకు అన్న లెక్క. మగ్గం మీద ఇద్దరం ఒక్కతాన్నే పని నేర్చుకున్నం. షిఫ్ట్ సూపర్‌వైజర్‌గ చేసి చేసి, మొన్న మొన్ననే నేనీ కుర్చీల కూసున్న. ఆయన పానా పట్టుకొనే ఉండె."

"నీరజ ఎలాంటి పిల్ల?"

ఆ ప్రశ్నతో తేనె ఇంకిపోయింది. "ఏమని చెప్పాలె అక్కా? దానికి ఫోనే లోకం. పెద్దా చిన్నా లేదు. ఆఫీసరునే బ్లాక్ కొట్టిందంటే దాని పొగరు చూడు! సరే, ఫోను పాడుగాను, కండ్లున్నయి కదా? అంత పసుపు తువ్వాల హ్యాండిల్‌కు ఏలాడుతుంటే, ఆ కండ్లు ఎటు పోయినయి? చూసి గూడ నడిపిందంటే కావాలని చేసినట్టే గద! అసొంటిదాన్ని ఏం చేసినా పాపం లేదు."

కాత్యాయని చాయ్ చివరి గుక్క తాగింది. "చాయ్ బాగుంది," అంది. బాలుకు ఆ మాట వింతగా తోచింది. ఆవిడ చాయ్‌ని మెచ్చుకోవడం అతనెన్నడూ వినలేదు.

గేటు దగ్గర కావలివాడు ఆవిడ చేతిసంచీ కూడా తడిమాడు. "నన్నూ చూస్తావా బాబూ?" అని హిందీలో అడిగితే, "శేఠ్‌ను తప్ప అందరినీ చూస్తాను బెహన్‌జీ. టైమాఫీస్ సాబ్‌ను కూడా," అన్నాడు గర్వంగా. కాత్యాయని వానలో నానుతున్న చిందీ గోనెల వైపు ఒకసారి చూసి, శేఠ్‌కు ఫోను చేసింది. గోనెలు కదలరాదన్నది మొదటి మాట. రెండవ మాట బాలుకు మోతలో వినబడలేదు.

నీరజ వాళ్ళది ఉధ్నా స్టేషన్ వెనక వరుస గదుల్లో ఒకటి. కిటికీ అద్దం పగిలి ఉంది. లోపల నేల మీద రాయి ఇంకా అలాగే ఉంది. తల్లి స్వరాజ్యం గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి మాట్లాడింది.

"ఇంకేం కావాలె? సావాల్నా మేము?"

"మీ అమ్మాయి మాట వినడానికి వచ్చానమ్మా. ఇంతవరకు ఎవరైనా విన్నారా?"

గొలుసు జారింది.

నీరజ గోడకు ఆనుకుని కూర్చుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. భయం ఆమె మాటను ముక్కలు చేసింది.

"నేను చంపలే ఆంటీ. కసమ్ సే, ఒట్టు. నర్సు కాక నన్ను బేటీ అని పిలిచేటోడు."

"యాప్‌లో నువ్వు బ్లాక్ చేసినవాళ్ళ పేర్లు చూపిస్తావా?"

నీరజ తెరిచింది. ఒకే ఒక్క పేరుంది: షిఫ్ట్ సూపర్‌వైజర్, రవీంద్ర.

ఆమె ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "ఏ కైసే, ఇదెట్ల? నై ఆంటీ, రవీంద్ర సార్‌ను నేను బ్లాక్ చెయ్యలే! ఆయన మంచోడు. నేను చేసింది..."

"ఎవరిని?"

ఆమె తల్లి వైపు చూసి ఆగింది. మగ్గాల మోత గోడల్లోంచి సన్నగా వినిపిస్తోంది.

"ఒకాయన. చీకటి పడినంక మెసేజులు పెట్టేటోడు. ముందు పని మాటలు, తర్వాత... మా అమ్మ ముందు చెప్పరాని మాటలు. సార్ అయినోణ్ణి బ్లాక్ చెయ్యొచ్చా చెయ్యొద్దా అని మస్తు ఏడ్చి, ఆఖరికి చేసిన. సిగ్గుకు అన్నీ డిలీట్ చేసిన. నర్సు కాకకు ఒక్కనికే చెప్పిన. 'నువ్వు ధైర్యంగ ఉండు బేటీ, నేను అందరి ముందట అడుగుత' అన్నడు."

"ఆయన పేరు?"

"చెప్తే మమ్మల్ని ఈ గల్లీల ఉండనియ్యరు. అందరూ ఆయన మాటే ఇంటరు."

కాత్యాయని ఒత్తిడి చేయలేదు. "ఆ రోజు ఏం జరిగింది?"

"దారం కోన్లు వచ్చినయి, స్టోర్‌కు రా అని మెసేజ్ వచ్చింది. మిషన్ బంద్ చేసి పోయిన. కాక వస్తున్నడని నాకెవరూ చెప్పలే. స్టోర్‌ల ఎవరూ లేరు. తిరిగొచ్చి ఎప్పటి లెక్కనే హ్యాండిల్ చూసిన. ఖాళీగ ఉండె ఆంటీ. ఎర్ర తువ్వాల లేదు, ఏ తువ్వాలా లేదు. నేను చూసిన. రోజూ చూస్త."

"ఆ మెసేజ్ ఉందా?"

నీరజ ఫోను చూపింది. పంపినది టైమాఫీసు. సందేశం ఉండవలసిన చోట ఒకే వాక్యం మిగిలింది: ఈ సందేశం తొలగించబడింది.

గల్లీలోకి రాగానే బాలు తల పట్టుకున్నాడు. "ఆమె ఎవరినో బ్లాక్ చేసింది, పేరు మాత్రం రవీంద్రది పడింది. ఇదెలా కుదురుతుంది మేడమ్?"

"తాళం మనిషికి వేశాననుకుంది బాలూ. అది గదికి పడింది. మనిషి గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. కొత్తగా దిగినవాడు లోపల నిలబడి అరుస్తున్నాడు." ఆవిడ గొడుగు విప్పింది. "పద. నీ చొక్కా పాడవుతుంది. గోనెలు వెతకాలి."

మరునాడు పొద్దున్నే శేఠ్ ఆజ్ఞ మీద మగ్గాలు ఆగాయి. ఒకటొకటిగా ఆగుతూ, చివరి మగ్గమూ ఊపిరి విడిచాక, ఆ షెడ్డులో నిశ్శబ్దం ఎంత పెద్దదో అందరికీ తెలిసింది. పనివాళ్ళు తమ మాటలు తామే విని ఉలిక్కిపడి గొంతు తగ్గించుకున్నారు.

వార్పింగ్ గదిలో శేఠ్, రవీంద్ర, పరుశురాం ఒక వైపు. నీరజ, స్వరాజ్యం ఇంకొక వైపు. మధ్యలో కొమురవ్వ. ఆమె వెనక సుమన్, నీరజ మీదనుంచి చూపు తిప్పకుండా, చెయ్యి చొక్కా లోపల ఉంచుకుని నిలబడ్డాడు. గుమ్మం నిండా పనివాళ్ళు. మూలన ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు.

కాత్యాయని బాలు చేతిలోని పానాను తీసుకుని కొమురవ్వకు అందించింది. "మాట ప్రకారం తిరిగి ఇస్తున్నాను."

గదిలో గుసగుస రేగింది. పరుశురాం నవ్వాడు. "అక్కా, ఇది జాసూసీనా, జాతరనా?"

"వినండి, తెలుస్తుంది." కాత్యాయని యంత్రం హ్యాండిల్ పక్కన నిలబడింది. "ఈ యంత్రంలో దూరిన మనిషికి రెండు కాపలాలు. ఒకటి ఫోను, ఒకటి తువ్వాలు. రెండూ ఒకే రోజు తప్పడం దురదృష్టం కాదు, పని. మొదట ఫోను సంగతి. నీరజ రవీంద్రను బ్లాక్ చేయలేదు. ఆయన ఈ మిల్లులో అడుగు పెట్టకముందే ఆ ఖాతాను బ్లాక్ చేసింది. ఎందుకంటే ఆ ఖాతాలో అప్పుడున్నవాడు చీకటి పడగానే ఆడపిల్లకు రాయకూడని రాతలు రాసేవాడు. వాడు కుర్చీ మారాడు. ఖాతాకు పేరు మారింది. బ్లాక్ మాత్రం అలాగే ఉంది."

శేఠ్ నెమ్మదిగా పరుశురాం వైపు తిరిగాడు. పరుశురాం ఫోను చాటుగా పట్టుకుని బొటనవేలితో ఏదో రాస్తున్నాడు.

"బ్లాక్ అయిన సంగతి ఎవరికి తెలుసు? నీరజకు తెలుసు; కానీ ఆ ఖాతా రవీంద్రకు వెళ్ళిందని తెలియదు. రవీంద్రకు ఏదీ తెలియదు. పంపిన ప్రతి రాతా ఒంటి టిక్కుతో ఆగిపోతుంటే చూసి పళ్ళు కొరికినవాడొక్కడికే రెండూ తెలుసు. ఆ ఖాతాను వదిలించుకున్నప్పుడు అతనికి తన రాతలు బయటపడతాయన్న భయమే ఉంది. రాజనర్సు వచ్చి, ఆదివారం సంఘంలో అందరి ముందూ అడుగుతానన్నాక, ఆ బ్లాకే అతనికి ఆయుధమైంది. యంత్రం బాగుచేయమని ఫిట్టర్‌కు పని వేసింది టైమాఫీసు. నీరజను స్టోర్‌కు పిలిచి, పిలిచిన సందేశాన్ని చెరిపింది టైమాఫీసు ఖాతా. యజమాని అడిగితే యాప్ కంపెనీ చెరిపినవి కూడా ఇస్తుంది. శేఠ్‌గారు రాత్రే అడిగారు, ఇచ్చారు. ఆ పిల్లకు వచ్చిన పాత రాతలు కూడా ఇచ్చారు. అవి ఇక్కడ చదవను."

"టైమాఫీసు ఫోను శానామంది ముట్టుకుంటరు," అన్నాడు పరుశురాం. "నేను కతర్‌గామ్‌ల ఉన్న."

"ఉన్నావ్," అన్నాడు శేఠ్, తనకొచ్చిన తెలుగులో. "ఆ దినం లేట్‌గ వచ్చినావ్ తూ. తడిసి వచ్చినావ్."

"సరే, మీరు ఈ గదిలోకి రాలేదనుకుందాం," అంది కాత్యాయని. "రాజనర్సు తువ్వాలు మాట వచ్చినప్పుడు రవీంద్ర ఏమన్నాడు? ఎరుపు అన్నాడు. నీరజ కూడా ఎరుపనే అంది. ఈ మిల్లులో ఎవరిని అడిగినా ఎరుపే అంటారు. ఆ ఒక్క రోజు ఎర్రది ఆరలేదు. పసుపుది సంచీలో మడిచి తెచ్చుకుని, తలుపేసిన ఈ గదిలో, ఈ హ్యాండిల్ దగ్గరే ఆయన విప్పాడు. దాన్ని చూసినవాడు ఇక్కడికి వచ్చినవాడే. నిన్న చాయ్ తాగుతూ నాతో మీరేమన్నారు?"

బాలు ఫోను మీట నొక్కాడు. పరుశురాం గొంతే నిశ్శబ్దంలో మోగింది: 'అంత పసుపు తువ్వాల హ్యాండిల్‌కు ఏలాడుతుంటే...'

"ఆ పిల్ల మీద నింద ఇంకొంచెం గట్టిగా వేయాలని నోరు జారారు. తువ్వాలు విప్పి తీసింది మీరే. కానీ దాన్ని గేటు దాటించలేరు. మిమ్మల్ని కూడా తడుముతారు. అందుకే గుడ్డను గుడ్డల్లో దాచారు." ఆవిడ సంచీలోంచి తడిసి మడతలు పడ్డ పసుపు తువ్వాలు తీసి పరిచింది. నల్ల దారం అంచు మెరిసింది.

కొమురవ్వ ముందుకు వచ్చింది. వంగి, ఆ అంచును రెండు వేళ్ళతో తడిమింది.

"అబద్ధం!" పరుశురాం ఉంగరపు చెయ్యి ఊపాడు. "రంగు నాకు సుమన్ చెప్పిండు. చెప్పలేదారా?"

సుమన్ చూపు మొదటిసారి నీరజ మీదనుంచి తొలగింది. "నాకే ఎరుక లేదు పెద్దన్నా," అన్నాడు మెల్లగా. "నేను గూడ ఎర్రదే అనుకున్న. ఎర్రది కనబడలే అని నీతోని ఏడ్చిన." అతని చెయ్యి చొక్కాలోంచి బయటికి వచ్చింది. కత్తి తళుక్కుమంది. "నెత్తురుకు నెత్తురు అన్నవ్ గద. రా!"

"సుమన్!" తల్లి పానాను అడ్డంగా చాపింది. కత్తి దానికి తగిలి ఖంగుమని నేలపాలైంది. ఇన్‌స్పెక్టరు దానిమీద కాలు పెట్టాడు.

"మా నాయినను సంపిండు అమ్మా!"

"ఎరుకైంది. వీని నెత్తురు మనకెందుకు బిడ్డా? కడుక్కుంటే పోయేదానికి నువ్వు జైలుకు పోవుడా? వీనికి కడిగినా పోనిది ఇయ్యాలె." ఆమె నీరజ ముందుకు నడిచింది. పానా చేతిలోనే ఉంది. స్వరాజ్యం కూతురిని వెనక్కి లాగబోయింది. కొమురవ్వ పానాను నీరజ కాళ్ళ దగ్గర పెట్టింది. "దీన్ని నీ కోసం తెచ్చిన బిడ్డా. తప్పు చెయ్యబోయిన. ఇప్పుడు చెప్పు, నీకు గలీజు రాతలు రాసిందెవరు?"

నీరజ గుమ్మం వైపు చూసింది. ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్న మనుషులు అక్కడ నిలబడి ఉన్నారు. ఆమె వేలెత్తింది. "పెద్దన్న," అంది. వేలు దించలేదు.

"ఫోనుల మనిషిని బందు పెట్టుడు ఎట్లనో వీళ్ళకు చూపియ్యి," అంది కొమురవ్వ.

నీరజ తన ఫోను తెరిచింది. పరుశురాం పేరు మీద నొక్కింది. బ్లాక్. రవీంద్ర తన ఫోను తీశాడు. తరువాత గుమ్మంలో ఒకడు, వాడి వెనక ఇంకొకడు. ఒకరు చెప్పలేదు, ఒకరు ఆపలేదు. వేళ్ళ కింద చిన్న చిన్న చప్పుళ్ళు వరుసగా నడిచి షెడ్డు చివరిదాకా పోయాయి. నిన్నటిదాకా అతనికి చేతులు జోడించిన మనుషులు.

ఇన్‌స్పెక్టరు పరుశురాం చేతిలోని ఫోను లాక్కుని చూశాడు. 'లోపలికి రండ్రి', 'వీళ్ళను బయటికి గుంజుండ్రి', 'అరే ఎవరన్నా రండ్రి' అని పరుశురాం సంఘంలో ఒక్కొక్కరికీ రాశాడు. మొదటివాటి పక్కన రెండేసి టిక్కులు, చదివినవాళ్ళు కదల్లేదు. ఆ తరువాతి వాటన్నిటి పక్కనా ఒంటి టిక్కు, దాని కింద మరొక ఒంటి టిక్కు. పరుశురాం తలెత్తి గుమ్మంలోకి చూశాడు. ఒక్క కన్నూ అతని కన్నుతో కలవలేదు. అప్పుడు అతను కొమురవ్వ వైపు తిరిగాడు.

"వదినే..." అన్నాడు.

కొమురవ్వ అతనికి వీపు తిప్పి కొడుకు వైపు నడిచింది. సుమన్ కన్నీళ్ళు తుడుచుకుని, తండ్రి ఫోను జేబులోంచి తీశాడు. రాజనర్సు ఇష్టం లేకుండా మోసిన ఫోను. పరుశురాం పేరు దగ్గరికి వెళ్ళి వేలు ఆనించబోయాడు.

"జర ఆగు," అంది తల్లి, ఫోను అందుకుని. "బందు పెట్టే ముందు వీనికొక మాట పంపాలె. ఉరికంబం కాడ గూడ వీని చెవిల అదే మోగాలె. మాట్లాడేది ఎక్కడ ఒత్తాలె?"

నీరజ వచ్చి ఆమె బొటనవేలిని పట్టుకుని మైకు గుర్తు మీద పెట్టింది. మగ్గాలన్నీ మౌనంగా ఉన్నాయి. కాత్యాయని కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. కొమురవ్వ పసుపు తువ్వాలును భుజాన వేసుకుని, ఫోనును పెదవుల దాకా తెచ్చి, కాపురమంతా తన నాలుక దాటనివ్వని మాటను గదంతా వినేలా పలికింది.

"రాజనర్సు."